మిగ్-21లో మీ పిల్లోణ్ణి ఎవరూ ఎక్కించరు: అపోహలు - వాస్తవాలు

"ఎగిరే శవపేటికలో ఎక్కిస్తారంట కదా సార్, మా పిల్లోణ్ణి?"

తిరుపతిలో ఎయిర్‌ఫోర్స్ పరీక్షలకు కోచింగ్ ఇస్తుంటాను. అంతకుముందు విమానం బాడీ చూసుకునే ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, ఆ 'ఎగిరే శవపేటిక' పేరు పడ్డ మిగ్-21 యుద్ధ విమానాల కింద దూరి పని చేసినవాణ్ణి. మొన్న చంద్రగిరి నుంచి వచ్చిన ఒకమ్మ కూడా ఇదే అడిగింది. పక్కన పిల్లోడేమో నా టేబుల్ మీది మిగ్ బొమ్మ నుంచి కళ్లు తిప్పలేదు.

అపోహ: మిగ్ ఎక్కితే చావే.

ముందు ఒక మాట. ఆ విమానం ఇప్పుడు లేదమ్మా. 1963లో వచ్చింది, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పేశారు. దాదాపు 870 తీసుకున్నాం. వందల్లో కూలాయి, పైలట్లు పోయారు, అందులో దాపరికం లేదు. కానీ తప్పంతా యంత్రానిదేనా? చిన్న రెక్కలు, ఒకటే ఇంజన్. దిగేటప్పుడు కూడా గంటకు 300 కిలోమీటర్లకు అటూఇటూ వేగం. నెమ్మదైన కిరణ్ శిక్షణ విమానం మీద నేర్చుకున్న కుర్రాళ్లు నేరుగా దీంట్లో కూర్చునేవాళ్లు. సైకిల్ నేర్చినవాడికి ఘాట్ రోడ్డులో బస్సు స్టీరింగ్ ఇచ్చినట్టు! ఈ రెంటికీ మధ్యలో వేగమైన జెట్ ట్రైనర్ (శిక్షణ విమానం) కావాలని ప్రమాదాల మీద వేసిన లా ఫాంటైన్ కమిటీ 1982లోనే చెప్పింది. ఆ ట్రైనర్, హాక్, వచ్చింది 2008లో.

మరి మాలాంటివాళ్లకు అదంటే ఎందుకంత పిచ్చి? 1971 యుద్ధంలో, డిసెంబర్ 14న, ఢాకాలో తూర్పు పాకిస్తాన్ గవర్నర్ బంగళా మీద రాకెట్లు కురిపించింది ఇదే. గవర్నర్ ఆ రోజే రాజీనామా రాసేశాడు. నాకు మాత్రం దాని తోక గుర్తు. దిగగానే తోక మొదట్లోంచి బ్రేక్ చ్యూట్, అంటే వేగం తగ్గించే పారాచూట్, టప్పున విచ్చుకునేది. అది తెరుచుకున్నాకే మేం ఊపిరి పీల్చుకునేవాళ్లం. చ్యూట్ గూడు మూత సరిగా పడిందా అని రెండోసారి తడిమి చూసే అలవాటు ఎంతగా పట్టుకుందంటే, ఇప్పటికీ ఇంట్లో గ్యాస్ రెగ్యులేటర్‌ను అలాగే తడుముతాను.

ఇక కొంపలు ముంచే అపోహ: ఎయిర్‌ఫోర్స్‌లో చేరితే విమానం నడపాల్సిందే.

కాదు. అగ్నివీర్ వాయులో, అంటే ఎయిర్‌ఫోర్స్ అగ్నిపథ్ కొలువులో, చేరినవాళ్లు పైలట్లు కారు. పైలట్ కావాలంటే ఎన్‌డీఏ, ఏఎఫ్‌క్యాట్ లాంటి ఆఫీసర్ ఎంట్రన్స్ పరీక్షలు రాయాలి, దాని ఎంపిక వేరు. రాడార్, ఇంజన్, ఆయుధాలు, స్టోర్స్, ఇలా నేల మీద పనులే బోలెడు. రేణిగుంట కుర్రాడొకడు క్లాసులో ఫస్టు. వాళ్లమ్మ యూట్యూబ్‌లో కూలిన మిగ్ వీడియో చూసి వద్దంది. రెండేళ్లకు నచ్చజెప్పుకుని వచ్చాడు. అప్పటికి 21 దాటేసింది. వయసు దాటాక నేనేం చేసేది? ఆ వీడియోలు పెట్టేవాళ్లను తిట్టాలనిపిస్తుంది గానీ, ఆ తల్లిని ఏమనగలను?

మిగిలినవి గబగబా. జాగ్వార్ యుద్ధ విమానం రెక్కల పైన క్షిపణులున్న ఫొటో మార్ఫింగ్ కాదు, నిజంగానే పైన బిగిస్తారు. సోనిక్ బూమ్, అంటే ధ్వనిని మించి పోయే విమానం చేసే ఢామ్మనే చప్పుడు, ధ్వని వేగం దాటినప్పుడు ఒక్కసారే కాదు, ఆ వేగంతో పోయినంతసేపూ కిందివాళ్లకు వరసగా వినిపిస్తూ పోతుంది.

చంద్రగిరి అమ్మ అంతా విని, లేస్తూ అడిగింది: "మెస్సులో అన్నం పెడతారా సార్, అన్నీ రొట్టెలేనా?"