నిఘా పెట్టినవాళ్లు ఫోన్ చేసి చెప్పరండీ

కిందటి నెల ఒక రిటైర్డ్ టీచరమ్మ ఆఫీసుకొచ్చారు. ఫోన్‌ని తువ్వాలులో చుట్టి బ్యాగు అడుగున పెట్టుకున్నారు. కూర్చున్నాక కూడా గుసగుసే. "మెల్లగా మాట్లాడండి లాయరుగారూ, వింటున్నారు."

అధికారులమంటూ ఎవరో ఫోన్ చేసి, మూడు రోజులు వీడియో కాల్ కట్ చేయకుండా కూర్చోబెట్టారట. స్నానానికి వెళ్లాలన్నా అడగాల్సిందే. "మీ ఫోన్ నేషనల్ సెక్యూరిటీ నిఘాలో ఉంది, కూతురికి చెప్పినా కేసే" అన్నాడట అవతలివాడు. ఎఫ్‌డీలు బ్రేక్ చేసి పంపేశారు. ఇలాంటివాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. అందుకే ముందు ఈ ఒక్కటి తేల్చేద్దాం.

అపోహ: నిఘా పెడితే అధికారులు మనకి చెబుతారు.

వాస్తవం: చచ్చినా చెప్పరు. పాత 1885 టెలిగ్రాఫ్ చట్టమైనా, ఇప్పటి 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2024 రూల్స్ అయినా పద్ధతి దాదాపు అదే. మామూలుగా కేంద్రంలోనో రాష్ట్రంలోనో హోం సెక్రటరీ ఆర్డరిస్తారు. అది 60 రోజులు నడుస్తుంది, పొడిగించినా 180 దాటకూడదు. ఆ కాగితం టెలికాం కంపెనీ నోడల్ ఆఫీసర్‌కి వెళ్తుంది, ఆర్డరు సరైనదో కాదో చూసే రివ్యూ కమిటీకి వెళ్తుంది. మీకు రాదు. నిఘా ఎత్తేశాక కూడా "మీ ఫోన్ విన్నాం" అని చెప్పాలన్న రూలే లేదు. కాబట్టి "మీ మీద నిఘా ఉంది" అని ఎవడైనా ఫోన్ చేశాడంటే, వాడు దొంగని వాడే చెప్పుకున్నట్టు. ఇలా వీడియో కాల్‌లో కట్టిపడేయడానికి వాళ్లు వాడే 'డిజిటల్ అరెస్ట్' అన్న మాట ఏ చట్టంలోనూ లేదు.

అపోహ: ట్యాపింగ్‌కి జడ్జి అనుమతి కావాలి.

అక్కర్లేదు. 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు జాగ్రత్తలు చెప్పింది గానీ ముందస్తు కోర్టు అనుమతి తప్పనిసరి చేయలేదు. రివ్యూ కమిటీలోనూ అందరూ సెక్రటరీలే. రెండు నెలలకోసారి కూర్చునే ఆ కమిటీ ముందుకి ఒక్కో మీటింగులో 15,000 నుంచి 18,000 ఆర్డర్లు వస్తాయని 2018లో డేటా రక్షణ మీద వేసిన శ్రీకృష్ణ కమిటీ రాసింది. ఎనిమిది గంటలు లేవకుండా చూసినా ఒక్కోదానికి రెండు సెకన్లు రావు! దొంగల్ని పట్టిచ్చే ఆ గోప్యతే ఇక్కడ మన కొంప ముంచుతోంది. విన్నారని తెలియనివాడు కోర్టుకెలా వెళ్తాడు?

అపోహ: మన నిఘా సంస్థలు ఐబీ, 'రా' పార్లమెంటు చట్టంతో పుట్టాయి.

లేదు. వాటిని చట్టం కిందకి తేవాలని 2011లో ఎంపీ మనీష్ తివారీ ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

వాట్సాప్‌లో ఎర్ర టిక్కు పడితే ప్రభుత్వం చదివినట్టన్న ఫార్వర్డు? దయచేసి డిలీట్ చేయండి.

టీచరమ్మ అంతా విని, "మరి నిజంగా వింటే నాకెలా తెలుస్తుంది?" అన్నారు. తెలియదమ్మా అన్నాను. అప్పటికే నాలుగు రోజులు పోయాయి. తువ్వాలు విప్పించి, ఆ ఫోన్ నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయించాను.