లెవ్ పగ్గాలు చేజారింది 1997లోనే

2026 జనవరి 1న బల్గేరియా తన కరెన్సీ లెవ్‌ను వదిలి యూరోలో చేరింది. దీంతో వడ్డీ రేటు తేల్చుకునే హక్కు దేశం పోగొట్టుకుందన్న వాదన మళ్లీ రేగింది. మహారాష్ట్రలోని రాజురాలో పేపరు చదివే మన తెలుగువాళ్లూ ఇదే అడుగుతున్నారు. యూరోలో చేరడానికి పెట్టే మాస్ట్రిక్ట్ షరతులు చాలాసార్లు రాసినవే. చూడాల్సింది 1997.

అంతకుముందు ఏడాది బల్గేరియాలో బ్యాంకులు వరుసగా కుప్పకూలాయి. 1997 ఫిబ్రవరి ఒక్క నెలలోనే ధరలు 242 శాతం ఎగబాకాయి. వంద లెవ్‌ల సరుకు నెల తిరిగేసరికి మూడు వందల నలభై దాటింది. జీవితాంతం దాచుకున్న సొమ్ము ముసలివాళ్ల కళ్లముందే కరిగిపోయింది. ఈ బాధ తెలియకుండా తర్వాతి నిర్ణయం అర్థం కాదు.

జూలై 1న కరెన్సీ బోర్డు వచ్చింది. 1,000 లెవ్‌లకు ఒక జర్మన్ మార్కు అని చట్టంలోనే రాశారు. విదేశీ నిల్వ లేనిదే కొత్త నోటు లేదు, ప్రభుత్వానికి అప్పు లేదు. వడ్డీ రేటుతో ధరలను అదుపు చేసే పని కేంద్ర బ్యాంకుకు ఆ రోజుతోనే తప్పిపోయింది. బ్యాంకులు తన దగ్గర ఉంచాల్సిన నగదు నిష్పత్తి మాత్రం దాని చేతిలో మిగిలింది. 2023లో ధరలు మండుతుంటే దాన్నే 12 శాతానికి పెంచింది. 1999లో మూడు సున్నాలు కొట్టేసి ఒక లెవ్‌ను ఒక మార్కు చేశారు. మార్కు యూరోలో కలిసినప్పటి లెక్కే, అంటే యూరోకు 1.95583, ఇప్పుడు లెవ్‌కూ వర్తించింది.

రాజురా పెద్దలకు ఇది కొత్త కాదు. 1956 దాకా ఈ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. వార్ధా నదికి ఇవతల నిజాం రూపాయి హాలీ సిక్కా, అవతల బల్లార్షాలో బ్రిటిష్ ఇండియా రూపాయి కల్దార్. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. నాణెం మీద చార్మినార్ ఉన్నా, కల్దార్ విలువ పడితే హాలీదీ పడాల్సిందే.

యూరో వద్దన్నవాళ్లకు ధరల భయం ఉంది. దుకాణాల్లో చిల్లర లెక్క పైకే సర్దుతారన్న అనుమానం పేదవాడికి సహజం. అప్పటి అధ్యక్షుడు రుమెన్ రాదెవ్ 2025 మేలో ప్రజాభిప్రాయ సేకరణ కోరారు, పార్లమెంటు స్పీకర్ తోసిపుచ్చారు. అడగనివ్వాల్సింది. కానీ హక్కు పోయిందన్న మాట నిలవదు. ఇరవై ఎనిమిదేళ్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ముందు జర్మనీ కేంద్ర బ్యాంకు, తర్వాత యూరో కేంద్ర బ్యాంకు తేల్చిన వడ్డీ బల్గేరియా రాజధాని సోఫియాలో నడిచింది, అక్కడ బల్గేరియాకు కుర్చీ కూడా లేకుండా. 2026 జనవరి నుంచి బల్గేరియా కేంద్ర బ్యాంకు గవర్నర్ ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నారు.