పాత కంప్యూటర్‌కు గ్లాస్ విండోలు: అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో డీటీపీ షాపుల్లోకి, జిరాక్స్ సెంటర్లలోకి వెళ్తే పాత సిస్టమ్‌లు ఇంకా కనిపిస్తాయి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 (2001లో వచ్చింది), దానికి తోడు తెలుగు అను ఫాంట్లు, కింద ఏ జీ31 మదర్‌బోర్డో, జీ41 మదర్‌బోర్డో. వాటిని బాగుచేసి, ఫార్మాట్ చేసి ఇవ్వడం నా పని. విండోలు వెనకనున్నది కనిపించేలా అద్దంలా మెరవాలని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. అడుగుతూనే భయపడతారు కూడా: "ఇది ఎక్కిస్తే సిస్టం స్లో అయిపోద్దా ఏటి అన్నా?" రోజంతా చూసే స్క్రీన్ కంటికి ఇంపుగా ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ భయాల్లోనే నిజం కొంచెం, అపోహ ఎక్కువ.

అపోహ: ట్రాన్స్‌పరెన్సీ (విండో వెనకది కనిపించే పలచదనం) పెడితే పాత సిస్టమ్ స్లో అయిపోతుంది.

వాస్తవం: వెనకనున్నది కనిపించాలంటే కంప్యూటర్ చేయాల్సింది రెండు రంగులు కలపడమే. పై విండో రంగు 85 పాళ్లు, కిందిది 15 పాళ్లు. గ్రాఫిక్స్ చిప్పుకు ఇది చాలా తేలిక పని. మెమరీ సంగతీ లెక్కేద్దాం. 1280×1024 మానిటర్‌లో 13,10,720 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కోదానికి 4 బైట్లు, అంటే స్క్రీన్ నిండా పరుచుకున్న విండోకు 5 ఎంబీ. పది విండోలు తెరిచినా 50 ఎంబీ. బ్రౌజర్‌లో ఒక బరువైన సైటు అంతకన్నా ఎక్కువే తింటుంది.

చూడాల్సింది ఆ కలిపే పని ఎవరి మీద పడుతోందని. విండోస్ ఎక్స్‌పీలో చాలావరకు ప్రాసెసర్ మీదే పడుతుంది. అందుకే అక్కడ ట్రాన్స్‌పరెంట్ విండోను మౌస్‌తో లాగితే ఆగి ఆగి కదులుతుంది. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన డెస్క్‌టాప్ విండో మేనేజర్ ఈ పద్ధతి మార్చింది. ప్రతి విండో బొమ్మనూ విడిగా దాచి ఉంచుతుంది, కలిపే పని గ్రాఫిక్స్ చిప్పుకు అప్పగిస్తుంది. ఏరో, అంటే విస్టా, విండోస్ 7లలోని ఈ గ్లాస్ రూపం ఆపేస్తే, పై విండోను జరిపిన ప్రతిసారీ కింది విండో ఆ మేరకు మళ్లీ గీసుకోవాలి. కాబట్టి డ్రైవర్ (గ్రాఫిక్స్ చిప్పును విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) సరిగా ఉన్న విండోస్ 7 సిస్టమ్‌లో స్పీడ్ కోసమని ఏరో ఆపమని నేను ఎవరికీ చెప్పను.

నిజంగా బరువైనది బ్లర్. బాత్‌రూమ్ కిటికీకి వేసే మసక గాజులా కనిపించాలంటే, ఒక్కో పిక్సెల్‌కూ చుట్టుపక్కల పిక్సెళ్లను చదివి సగటు తీయాలి. పాత చిప్పు ఆయాసపడేది ఇక్కడే. చాలామంది ఈ బ్లర్ బరువును ట్రాన్స్‌పరెన్సీ ఖాతాలో వేసేస్తారు.

అపోహ: గ్లాస్ కావాలంటే గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందే.

వాస్తవం: ఫార్మాట్ చేశాక ఏరో కనిపించకపోతే ముందు డివైస్ మేనేజర్ తెరవండి. డిస్‌ప్లే అడాప్టర్ దగ్గర "స్టాండర్డ్ వీజీఏ" అని ఉందంటే డ్రైవర్ పడలేదన్నమాట. దానికి డబ్బు ఖర్చు అక్కర్లేదు. ఇంటెల్ 945 బోర్డులోని జీఎంఏ 950 చిప్పు కూడా ఏరోను నడపగలదు. దానికి ముందు తరం 915కు మాత్రం ఆశ పెట్టుకోవద్దు, ఏరోకు కావలసిన డబ్ల్యూడీడీఎం అనే కొత్త రకం డ్రైవర్ దానికి రానేలేదు. ఇంకొకటి: విండోస్ 7 స్టార్టర్, హోమ్ బేసిక్ ఎడిషన్లలో ఏరో గ్లాస్ ఇవ్వలేదు. ఆ ఎడిషన్ మీద కార్డు కొన్నా ఫలితం ఉండదు. ముందు ఎడిషన్ చూసుకోండి.

అపోహ: థీమ్ ప్యాక్ (విండోల రూపం మార్చే ఫైళ్లు) వేస్తే ఎక్స్‌పీ కూడా విండోస్ 7 అయిపోతుంది.

వాస్తవం: వేషం మారుతుంది, లోపల యంత్రాంగం మారదు. మైక్రోసాఫ్ట్ సంతకం లేని థీమ్‌లను ఎక్స్‌పీ ఒప్పుకోదు కాబట్టి ఈ ప్యాక్‌లు యూఎక్స్‌థీమ్ అనే సిస్టమ్ ఫైలునే మార్చేస్తాయి. అది తేడా కొడితే విండోస్ తెరుచుకోకపోవచ్చు. షాపు లెక్కలు, కస్టమర్ల ఫైళ్లు ఉన్న సిస్టమ్‌లో ఊరూపేరూ లేని సైటు నుంచి దించిన ప్యాక్ వేయడం నాకు అస్సలు ఇష్టం లేదు. పైగా ఎక్స్‌పీకి సెక్యూరిటీ మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది.

విండోను పలచన చేసే సౌకర్యం మాత్రం ఎక్స్‌పీలో నిజంగానే ఉంది, విండోస్ 2000 నుంచీ ఉంది. 0 నుంచి 255 వరకు అంకె ఇస్తే విండో ఆ మేరకు గట్టిగా కనిపిస్తుంది. చిన్న చిన్న యుటిలిటీలు వాడుకునేది దీన్నే. కాకపోతే అంచులతో పాటు లోపలి అక్షరాలు కూడా వెలిసిపోతాయి. ఏరోలో అద్దంలా మారేది చాలావరకు అంచులే, అందుకే చదవడానికి ఇబ్బంది ఉండదు.

అపోహ: విండోస్ 10లో ట్రాన్స్‌పరెన్సీ ఆపేస్తే సిస్టమ్ పరుగులు తీస్తుంది.

వాస్తవం: విండోస్ 8 నుంచి డెస్క్‌టాప్ విండో మేనేజర్‌ను ఆపే వీలే లేదు. మీరు ఆపేది స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ లాంటి వాటి పలచదనం మాత్రమే. స్పీడే కావాలంటే, ఆ డబ్బాలో పాత హార్డ్‌డిస్క్ ఉంటే ముందు దాని బదులు వేగంగా చదివే ఎస్ఎస్‌డీ వేయించండి.

అపోహ: ఎంత పలచగా ఉంటే అంత అందం.

వాస్తవం: దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్ము ఉంటాయి. వెనక విండోలోనూ అక్షరాలు ఉంటే వాటి గీతలు ఈ ఒత్తుల్లోకి చొరబడతాయి. సున్నా ఎక్కడిదో, వట్రసుడి ఎక్కడిదో తేలదు. పెళ్లికార్డులో పేరు తప్పు పడితే ఆ కార్డులన్నీ మళ్లీ వేయాలి. ప్రూఫ్ చూసే విండోను ఎప్పుడూ పలచన చేయకండి.

పేజ్‌మేకర్ అవసరం లేని సిస్టమ్, 64 బిట్ ప్రాసెసర్, కనీసం 2 జీబీ ర్యామ్ ఉంటే, విండోస్ బదులు ఉచితంగా వేసుకునే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ నా మొదటి సలహా. దాని విండో మేనేజర్‌లో బ్లర్ లేనే లేదు కాబట్టి పాత చిప్పు మీద ఆ బరువు పడదు. సెట్టింగ్స్‌లో విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి, కంపోజిటర్ ట్యాబ్‌లోకి వెళ్లండి. అక్కడ వేటికి ఎంత పలచదనం కావాలో విడివిడిగా స్లైడర్లు ఉంటాయి. విండోను జరుపుతున్నప్పటి స్లైడర్‌ను 80 శాతం దగ్గర పెట్టండి, లాగుతుంటే కింద ఏముందో కనిపిస్తుంది, వదలగానే మళ్లీ గట్టిపడుతుంది. పక్కన పీడీఎఫ్ తెరిచి, దాన్ని చూస్తూ టైప్ చేసే అలవాటుంటే, వాడకంలో లేని విండోల స్లైడర్‌ను మాత్రం 100 శాతం, అంటే పూర్తి గట్టి దగ్గరే వదిలేయండి. మీరు టైప్ చేస్తున్నంతసేపూ ఆ పీడీఎఫ్ "వాడకంలో లేని విండో" కిందికే వస్తుంది.