నేరంగా మారిన కాగితపు పట్టీ: అమెరికాలో ఫెంటానిల్ పరీక్ష సాధనాల నేపథ్యం

2021 ఏప్రిల్‌తో ముగిసిన పన్నెండు నెలల్లో అమెరికాలో మాదకద్రవ్యాల ఓవర్‌డోస్ మరణాలు తొలిసారి లక్ష దాటాయి. మృతుల్లో అధికభాగం హెరాయిన్ తరహా కృత్రిమ మత్తుమందు ఫెంటానిల్ బారిన పడినవారే. కొన్న పొడిలోనో, మాత్రలోనో ఫెంటానిల్ కలిసిందో లేదో నిమిషాల్లో చెప్పగల కాగితపు పట్టీ అప్పటికే ఉంది. దాని ఖరీదు సుమారు ఒక డాలరు. అయినా అనేక రాష్ట్రాల్లో ఆ పట్టీని జేబులో పెట్టుకోవడమే నేరంగా ఉండేది.

ఈ విపరీతానికి మూలం 1970ల నాటి పరిస్థితుల్లో ఉంది. ఆ దశాబ్దంలో గంజాయి గొట్టాలు, చుట్టుకునే కాగితాలు, కొకైన్ వాడకానికి కావలసిన సరంజామా బాహాటంగా అమ్మే దుకాణాలు అమెరికా నగరాల్లో విస్తరించాయి. పిల్లల కంటపడేలా సాగుతున్న ఆ వ్యాపారంపై తల్లిదండ్రుల సంఘాలు ఉద్యమించగా, స్థానిక ప్రభుత్వాలు ఎక్కడికక్కడ చేసిన నిషేధాలు అస్పష్టంగా ఉన్నాయంటూ కోర్టుల్లో సవాళ్లు ఎదుర్కొన్నాయి. దాంతో రాష్ట్రాలన్నీ అనుసరించడానికి వీలుగా 1979లో ఫెడరల్ మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ ఒక నమూనా చట్టాన్ని రూపొందించింది. గొట్టాలు, చెంచాలు, సిరంజిలతోపాటు మాదకద్రవ్యాన్ని గుర్తించడానికి, దాని గాఢతను, స్వచ్ఛతను విశ్లేషించడానికి ఉపయోగించే పరీక్ష సాధనాలను కూడా ఆ నమూనా నిషిద్ధ సామగ్రి జాబితాలో చేర్చింది. సరుకు నాణ్యతను బేరీజు వేసుకునే వ్యాపారిని దృష్టిలో పెట్టుకుంటే ఆనాటికి అందులో కొంత తర్కం లేకపోలేదు. అత్యధిక రాష్ట్రాలు ఆ జాబితాను దాదాపు యథాతథంగా స్వీకరించాయి. గమనించదగ్గ విషయం ఏమిటంటే, 1986లో అమెరికా కాంగ్రెస్ చేసిన ఫెడరల్ చట్టపు నిర్వచనంలో పరీక్ష ప్రస్తావన లేదు. అంటే అడ్డంకి ప్రధానంగా రాష్ట్రాల చట్టాల్లోనే మిగిలిపోయింది.

ఆ తరువాత చట్టం మారలేదు గానీ సరుకు మారిపోయింది. 1996లో మార్కెట్లోకి వచ్చిన ఆక్సీకాంటిన్ వంటి నొప్పి నివారణ మాత్రల విచ్చలవిడి వాడకం ఈ ఓవర్‌డోస్ సంక్షోభంలో మొదటి దశ కాగా, 2010 నుంచి హెరాయిన్ మరణాలు పెరగడం రెండో దశ. 2013 నుంచి దొంగచాటుగా తయారైన ఫెంటానిల్ రంగప్రవేశంతో మూడో దశ మొదలైంది. 1960 ప్రాంతంలో బెల్జియంకు చెందిన శాస్త్రవేత్త పాల్ జాన్సెన్ తయారుచేసిన ఈ మందు శస్త్రచికిత్సల్లో నేటికీ ఎంతో విలువైనదే. అయితే ఇది హెరాయిన్ కన్నా సుమారు 50 రెట్లు శక్తిమంతం, రెండు మిల్లీగ్రాములే ప్రాణాంతకం కావచ్చు. పైగా ఇది హెరాయిన్‌కే పరిమితం కాలేదు. కొకైన్‌లోనూ, వైద్యులు రాసే మాత్రలను అచ్చుగుద్దినట్టు పోలిన నకిలీ మాత్రల్లోనూ చేరింది. 2023లో తాము పరీక్షించిన ఫెంటానిల్ కలిసిన నకిలీ మాత్రల్లో ప్రతి పదింటిలో ఏడు ప్రాణాంతక మోతాదు కలిగి ఉన్నాయని డీఈఏ ప్రకటించింది. చదువుల ఒత్తిడిలో తోటివారు ఇచ్చిన మాత్రను నమ్మి వేసుకునే విద్యార్థికి కూడా ఈ ముప్పు ఉంది. పిల్లల్ని అక్కడికి పంపిన తెలుగు కుటుంబాలు దీన్ని పరాయి సమస్యగా చూడలేవు.

పరీక్ష పట్టీ నిజానికి మూత్ర పరీక్ష కోసం పుట్టింది. దాన్ని మాదకద్రవ్యాన్నే పరీక్షించడానికి వాడవచ్చని 2016లో కెనడాలోని వాంకూవర్ నగరంలో, వైద్య పర్యవేక్షణలో మత్తుమందు తీసుకునే కేంద్రం ఇన్‌సైట్ చేసి చూపింది. పద్ధతి సులువే. కొద్దిపాటి పొడిని నీటిలో కరిగించి, పట్టీ కొనను పదిహేను సెకన్లపాటు ముంచి, బల్లపరుపుగా ఉంచి రెండు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. ఒకే గీత వస్తే ఫెంటానిల్ ఉన్నట్టు, రెండు గీతలు వస్తే కనబడనట్టు. గర్భనిర్ధారణ కిట్‌కు అలవాటుపడిన కంటికి ఇది తలకిందులుగా తోస్తుంది కాబట్టే, పట్టీని పంచేవారు ఈ ఒక్క సంగతిని పదేపదే చెబుతారు.

పట్టీకి పరిమితులు లేకపోలేదు. ఫెంటానిల్ ఉందో లేదో చెబుతుంది తప్ప ఎంత ఉందో చెప్పదు. మాత్రలో ఒక మూల ఉన్నది మరో మూల లేకపోవచ్చు. మెథాంఫెటమిన్ అనే మరో మత్తుమందు గాఢత ఎక్కువైతే లేనిది ఉన్నట్టు చూపవచ్చు. అయినా ఫెంటానిల్ ఉందని తెలిసినవారిలో పలువురు మోతాదు తగ్గించుకున్నారని, ఒంటరిగా తీసుకోవడం మానుకున్నారని రోడ్ ఐలాండ్, నార్త్ కరోలినాల్లో జరిగిన అధ్యయనాలు చూపాయి.

వ్యతిరేకత మాత్రం గట్టిగానే వచ్చింది. 2018లో ఫెడరల్ వ్యసన చికిత్సా విభాగం సామ్‌సా అధిపతిగా ఉన్న ఎలినోర్ మెక్‌కాన్స్-కాట్జ్ ఈ పట్టీలపై బహిరంగంగానే అభ్యంతరం తెలిపారు. వ్యసనంలో ఉన్నవారు ఫలితాన్ని బట్టి వివేకంగా నిర్ణయం తీసుకుంటారని ఆశించలేమని, చికిత్స మీదే దృష్టి పెట్టాలని ఆ వాదన సారాంశం. ఎయిడ్స్ కాలంలో మత్తుమందు వాడేవారికి శుభ్రమైన సిరంజిల పంపిణీ మీద వినిపించిన వాదన కూడా దాదాపు ఇదే. 1988లో సిరంజిలకు ఫెడరల్ నిధులను నిషేధించిన కాంగ్రెస్, 2009లో నిషేధం ఎత్తివేసి, 2011లో తిరిగి విధించి, 2015 చివర్లో పాక్షికంగా సడలించింది. సడలింపు తరువాత కూడా సిరంజి తప్ప మిగతా ఖర్చులకే నిధులు ఇచ్చారు. చికిత్స అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ చికిత్స దాకా రావాలంటే మనిషి ముందు బతికి ఉండాలి గదా!

2021 ఏప్రిల్ 7న వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ, సామ్‌సా కలిసి పట్టీల కొనుగోలుకు ఫెడరల్ నిధులు వాడవచ్చని ప్రకటించడంతో పరిస్థితి మారింది. డబ్బు ఉన్నా, కొన్నవాటిని పంచితే రాష్ట్ర చట్టం ప్రకారం నేరమయ్యే చోట్ల శాసనసభలు కదలక తప్పలేదు. మేరీలాండ్, రోడ్ ఐలాండ్ వంటివి 2018లోనే దారి చూపగా, 2022లో విస్కాన్సిన్, న్యూ మెక్సికో, పెన్సిల్వేనియాలతోపాటు సంప్రదాయవాద రాష్ట్రాలైన జార్జియా, టెనెస్సీ, అలబామా కూడా చట్టాలు సవరించాయి. 2023లో ఒహాయో, కెంటకీ, ఫ్లోరిడా వాటిని అనుసరించాయి. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు శాసన కమిటీల ముందు సాక్ష్యమివ్వడం ఈ మార్పుకు చాలాచోట్ల ఊపునిచ్చింది. 1970ల్లో నిషేధం కోరినవారూ తల్లిదండ్రులే, ఇప్పుడు సడలింపు కోరినవారూ తల్లిదండ్రులే. ఇద్దరిదీ ఒకే భయం. టెక్సస్‌లో గవర్నర్ గ్రెగ్ ఆబట్ మద్దతు తెలిపినా, 2023లో దిగువసభ ఆమోదించిన బిల్లు సెనేట్‌లో ముందుకు సాగలేదు.

ఇంతలో సరుకు మళ్లీ మారింది. పశువులకు మత్తునిచ్చే జైలజీన్ ఫెంటానిల్‌లో కలుస్తుండటంతో 2023 ఏప్రిల్‌లో వైట్‌హౌస్ ఆ మిశ్రమాన్ని కొత్త ముప్పుగా ప్రకటించింది. జైలజీన్ ఓపియాయిడ్ (హెరాయిన్, ఫెంటానిల్ వర్గపు మందు) కాదు కనుక, ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కు విరుగుడైన నాలోక్సోన్ దాని ప్రభావాన్ని తిప్పికొట్టలేదు. దాన్ని గుర్తించే పట్టీలూ వచ్చాయి. అయితే కొన్ని రాష్ట్రాలు ఇచ్చిన మినహాయింపు ఫెంటానిల్ పట్టీలకు మాత్రమే పరిమితం కాబట్టి, అక్కడ కొత్త పట్టీ పాత నిషేధం కిందికే వస్తుంది. పెన్సిల్వేనియా సవరణ ప్రాణహాని కలిగించే ఇతర రసాయనాలను గుర్తించే సాధనాలకూ వర్తించేలా ఉంది. 2021లో న్యూజిలాండ్ ఇంకా ముందుకు వెళ్లి, మాదకద్రవ్యాలను పరీక్షించే సేవకే లైసెన్సు ఇచ్చే శాశ్వత చట్టం చేసింది. ఫెంటానిల్ పేరొక్కటే రాసుకున్న రాష్ట్రాలు మాత్రం వచ్చే ప్రతి కొత్త రసాయనానికీ మరో బిల్లు తేవలసి ఉంటుంది.