సిరీస్ రెండుసార్లు చూశాను, ఇంగ్లీషు ఎందుకు రావట్లేదు? (అపోహలు - వాస్తవాలు)

"ఫ్రెండ్స్ అనే అమెరికన్ సిరీస్ పది సీజన్లూ రెండుసార్లు చూశాను. మూడోసారి చూస్తే వస్తుందంటారా?"

గత సోమవారం కొత్తగా చేరిన స్టూడెంట్ మొదటి క్లాసులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆయనకు నలభై దాటాయి. ఒక గోదాములో సరుకు లెక్కలు చూస్తారు. ఇంగ్లీషులో మెయిళ్లు రాయడం, ఫోన్లు మాట్లాడటం వస్తేనే పై పోస్టు ఇస్తామన్నారట. అడుగుతున్నప్పుడు ఆయన గొంతులో టెన్షన్ స్పష్టంగా తెలుస్తోంది.

నేను రష్యాలోని కజాన్ నగరంలో ఉంటూ రష్యన్ మాట్లాడే పెద్దవాళ్లకు పదకొండేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ ప్రశ్న వినకుండా ఒక్క నెల కూడా గడవలేదు. ఆన్‌లైన్‌లో రష్యన్లకు ఇంగ్లీషు చెప్పే మన తెలుగువాళ్లు కొందరు కూడా మెసేజ్ పెడుతుంటారు, "స్టూడెంట్ సిరీస్‌తోనే నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు, ఏం చెప్పమంటారు?" అని. సిరీస్‌తో నేర్చుకోవచ్చు, నేనూ వాడతాను. కానీ దాని చుట్టూ అల్లుకున్న పుకార్ల వల్ల మనుషులు ఏళ్లు పోగొట్టుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: చూస్తూ పోతే మాటలు వాటంతట అవే వచ్చేస్తాయి

ఎక్కువగా దీని గురించే రాస్తాను, ఎందుకంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే.

ముందు లెక్క చూడండి. 1994 నుంచి 2004 వరకు వచ్చిన ఆ సిరీస్‌లో 236 ఎపిసోడ్లు. ఒక్కొక్కటి సుమారు 22 నిమిషాలు. ఒకసారి చూడటానికి 86 గంటలు, రెండుసార్లకు 170 గంటల పైమాట. వారానికి రెండు గంటల క్లాసు చొప్పున ఏడాదిన్నర దాటి సాగే చదువు అది. అంత సమయం పెట్టిన మనిషి సోమరి కాదు. "నాకు భాషలు అబ్బవు" అని తనను తాను తిట్టుకోవాల్సిన పనీ లేదు.

ఎలా చూశారని అడిగాను. మొదటిసారి రష్యన్ గొంతుతో. రెండోసారి ఇంగ్లీషు ఆడియో పెట్టుకుని, కింద రష్యన్ సబ్‌టైటిల్స్‌తో.

మనకు డబ్బింగ్ అంటే పెదవులకు సరిపోయేలా చెప్పిన తెలుగు. రష్యాలో సిరీస్‌లకు ఇంకో పద్ధతి బాగా అలవాటు. అసలు గొంతు తగ్గించి దాని మీద అనువాదం చదువుతారు. వీడియో క్యాసెట్ల కాలంలో ఆడా మగా పాత్రలన్నిటికీ ఒక్క మగ గొంతే చదివేది. అడుగున ఇంగ్లీషు సన్నగా వినిపిస్తూనే ఉంటుంది, దాన్ని ఎవరూ వినరు. అలా పెరిగిన చెవికి ఇంగ్లీషును పక్కకు నెట్టడం బాగా అలవాటైపోయిందని నా అనుభవం. ఇక రష్యన్ సబ్‌టైటిల్ కూడా ఉంటే కన్ను చదివేస్తుంది, అర్థం తెలిసిపోతుంది, చెవికి పనే ఉండదు.

మా తాతయ్య గుర్తొస్తారు. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున్నే స్నానం చేసి టీవీ ముందు కూర్చునేవారు. ఒక్క వారం వదల్లేదు. హిందీలో వాళ్లు ఏం మాట్లాడినా అర్థమైపోయేది, కళ్లనీళ్లు పెట్టుకునేవారు. తర్వాత కాశీయాత్రకు వెళ్లినప్పుడు స్టేషన్‌లో మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడగడానికి నోరు పెగల్లేదు. ఆయనకు కథ ముందే తెలుసు. అందుకే ఆ హిందీ మాటలను విడదీసి వినాల్సిన అవసరమే రాలేదు. రష్యన్ సబ్‌టైటిల్‌తో ఇంగ్లీషు వినేవాళ్లది సరిగ్గా అదే పరిస్థితి.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. నెదర్లాండ్స్‌లో మిట్టరర్, మెక్వీన్ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగం ఉంది. డచ్ వాళ్లకు స్కాట్లాండ్, ఆస్ట్రేలియా యాసల్లో ఇంగ్లీషు వీడియోలు చూపించారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్లు ఆ యాసలో కొత్త మాటలను మెరుగ్గా పట్టుకున్నారు. డచ్ సబ్‌టైటిల్స్ మాత్రం అందుకు అడ్డుపడ్డాయి. కాబట్టి సబ్‌టైటిల్ పెట్టుకోవడం తప్పు కాదు, అది ఏ భాషలో ఉందన్నదే ముఖ్యం. ఇంగ్లీషుకు ఇంగ్లీషే పెట్టండి. అసలు ఏమీ అర్థం కాకపోతే ఆ సిరీస్ ఇంకా మీ స్థాయిది కాదు, తేలికైనది తీసుకోండి.

సబ్‌టైటిల్ మార్చినా ఇంకో చిక్కు మిగులుతుంది. వింటే అర్థమయ్యే మాట వేరు, అవసరానికి నోటికి వచ్చే మాట వేరు. అమెరికాలో పెరిగిన మన పిల్లల్ని చూడండి. అమ్మమ్మ తెలుగులో ఏం చెప్పినా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తారు. ఇక్కడ కజాన్‌లో నా స్టూడెంట్లలో చాలామందికి ఇళ్లలో పెద్దవాళ్లు ఇక్కడి స్థానిక భాష తాతార్ మాట్లాడతారు. వీళ్లకు ప్రతి మాటా అర్థమవుతుంది, బదులు రష్యన్‌లో చెబుతారు. ఈ ఉదాహరణ చెప్పగానే క్లాసులో ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోతుంది. ఎందుకంటే అది వాళ్ల ఇంటి సంగతే. ఏళ్ల తరబడి విన్నారు, కానీ పలకాల్సిన అవసరం పడలేదు.

కొన్నేళ్ల కిందట ఒక అకౌంటెంట్ నా దగ్గరకు వచ్చారు. గళ్ల నోటుబుక్కు, మధ్యలో స్కేలుతో గీసిన గీత, ఎడమవైపు నీలం సిరాతో ఇంగ్లీషు మాట, కుడివైపు రష్యన్. అన్నీ సిరీస్‌లోంచి రాసుకున్నవే, మూడు నోటుబుక్కులు నిండిపోయాయి. కుడివైపు గడిని పోస్ట్‌కార్డుతో మూసి చదవమన్నాను. గబగబా చెప్పుకుపోయారు. అప్పుడు కార్డును ఎడమవైపుకి జరిపాను. రష్యన్ చూసి ఇంగ్లీషు చెప్పాలి. మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. రెండోది దాటేశారు. నాలుగో మాటకు ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి. "ఇవన్నీ నాకు తెలుసు కదా," అన్నారు. నిజమే, తెలుసు. కానీ ఆ మూడు నోటుబుక్కుల్లోనూ ఎడమ నుంచి కుడికే చదివారు. ఇంటర్వ్యూలో అవసరమయ్యేది కుడి నుంచి ఎడమకి.

ఆవిడతో మొదలుపెట్టిన పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నాను. ఎపిసోడ్ మొత్తం వద్దు. నిమిషం, నిమిషంన్నర ఉండే ఒక్క సన్నివేశం చాలు, ఇద్దరే మాట్లాడుకునేది అయితే మంచిది. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌తో ఒకసారి, లేకుండా రెండుసార్లు చూడాలి. అందులోంచి ఐదే ఐదు తీసుకోవాలి. అవి విడి మాటలు కాకూడదు, పలుకుబడులు కావాలి. ఉదాహరణకు "ఐ ఎండెడ్ అప్ స్టేయింగ్ హోమ్." "ఎండ్" అంటే ముగింపు, "అప్" అంటే పైకి అని విడివిడిగా రాసుకుంటే ఎప్పటికీ లెక్క తేలదు. రష్యన్లు ఇక్కడ "వితోగె" అనే మాట వాడతారు, చివరాఖరికి అని. మన తెలుగులో అయితే విడిగా మాట కూడా అక్కర్లేదు, "ఇంట్లోనే ఉండిపోయాను" అంటే చాలు, ఆ "పోయాను"లోనే అంతా ఉంది. ఏ భాషకు ఆ భాష ఈ పనిని వేరే చోట దాచుకుంటుంది. అందుకే వాక్యానికి వాక్యం పట్టుకోమంటాను.

చీటీకి ముందువైపు రష్యన్ వాక్యం, వెనకవైపు ఇంగ్లీషు. ఎప్పుడూ ముందువైపు చూసి వెనకవైపుది పైకి చెప్పాలి. ఆ రోజు, మర్నాడు, మూడు రోజులకు, వారానికి. మర్చిపోవడం మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే వేగంగా జరుగుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించారు. కాగితం చీటీలు వద్దనుకుంటే ఆంకీ లాంటి యాప్ ఈ గడువుల్ని అదే చూసుకుంటుంది. ఆఖరున, ఆ ఐదు పలుకుబడులతో తమ సొంత రోజు గురించి ఒక నిమిషం మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపాలి. ఈ ఆఖరి మెట్టును ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. మిగతా అంతా చేసి ఇది మానేస్తే ఆ నోటుబుక్కు కథే మళ్లీ మొదలవుతుంది.

అపోహ: తెలియని ప్రతి మాటా రాసుకోవాలి

అక్కర్లేదు. వెబ్, రోజర్స్ అనే పరిశోధకులు 2009లో 88 టీవీ కార్యక్రమాల మాటల్ని లెక్కపెట్టారు. తరచుగా వచ్చే 3,000 మాటలు వాటి రూపాలతో సహా తెలిసి, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు కూడా పట్టుకోగలిగితే వినిపించేదాంట్లో సుమారు 95 శాతం తెలిసినట్టేనని తేలింది. 98 శాతానికి చేరాలంటే 7,000 కావాలి. ముందు ఆ మొదటి మూడు వేలు గట్టి చేసుకోండి. పోలీసు సిరీస్ చూసి శవపరీక్ష గదిలోని మాటలు రెండు పేజీలు రాసుకొచ్చిన ఒకమ్మాయికి పక్కసీటు మనిషిని పెన్ను అడగాలంటే "బారో" అనాలో "లెండ్" అనాలో తెలియలేదు.

అపోహ: రష్యన్‌లా వినిపించే మాటలు ఊరికే వచ్చినట్టే

ఇది ప్రమాదం. "మగజీన్" అంటే రష్యన్‌లో దుకాణం, "ఫమీలియా" అంటే ఇంటిపేరు. వీటి గురించి అందరూ హెచ్చరిస్తారు, కాబట్టి అందరూ జాగ్రత్తగానే ఉంటారు. నన్ను భయపెట్టేవి వేరు. రష్యన్‌లో "ఇన్సుల్ట్" అంటే పక్షవాతం. తండ్రిని వైద్యానికి విదేశం తీసుకెళ్లాలనుకున్న ఒకాయన అక్కడి డాక్టరుకి రాసిన ఉత్తరంలో "మార్చిలో మా నాన్నకి ఇన్సల్ట్ జరిగింది" అని ఉంది. నాకు ముందు చూపించారు కాబట్టి సరిపోయింది. "అంగీనా" ఇంకా ఘోరం. ఇంగ్లీషులో అంజైనా అంటే గుండెకు సంబంధించిన ఛాతీనొప్పి, రష్యన్‌లో అంగీనా అంటే గొంతువాపు. గుండె తాలూకు నొప్పిని వీళ్లు స్తెనోకర్దియా అంటారు. ఇక్కడ ఎంబీబీఎస్ చదివే మన తెలుగు పిల్లలకు ఇదే తిరకాసు అటునుంచి ఎదురవుతుంది. వార్డులో "అంగీనా" అని విని ఈసీజీ గురించి ఆలోచించానని ఒక కుర్రాడు నాతో చెప్పాడు.

గోదాము ఆయన తెచ్చిన మెయిల్ నమూనాలో కూడా ఇలాంటిదే దొరికింది. "మే నెల మొదటి డెకేడ్‌లో సరుకు పంపుతాం" అని రాశారు. రష్యన్ ఆఫీసు భాషలో "దెకాదా" అంటే పది రోజులు. ఇంగ్లీషు చదివేవాళ్లకు అది పదేళ్లు. ఏ సిరీస్ చూసినా ఇవి బయటపడవు, ఎందుకంటే తెలిసిన మాటే అనుకుని చెవి ముందుకెళ్లిపోతుంది. వీటికి విడిగా చీటీలు రాయించండి.

అపోహ: గ్రామర్ దానంతటదే వచ్చేస్తుంది

రాదు. రష్యన్‌లో ఆర్టికల్స్ లేవు, మనకూ లేవు. "యా స్తుదెంత్" అంటే సరిపోతుంది, మనం "నేను స్టూడెంట్‌ని" అన్నట్టే, మధ్యలో "యామ్" అక్కర్లేదు. సిరీస్‌లో నటులు "ఎ", "ద" లను మింగేస్తూ మాట్లాడతారు. తన భాషలో లేనిదాన్ని, అంత సన్నగా వచ్చేదాన్ని చెవి పట్టుకోదు. కళ్లతో చూసి, చేత్తో రాసి నేర్చుకోవాలి.

చేత్తో అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. రష్యన్ "రుకా"కి ఇంగ్లీషులో హ్యాండ్, ఆర్మ్ అని రెండు. "నగా"కి లెగ్, ఫుట్. "పాలెత్స్"కి ఫింగర్, టో. మన చెయ్యి, కాలు, వేలు కూడా అంతే కదా. రష్యన్ స్టూడెంట్ ఇక్కడ తడబడితే తెలుగు టీచరుకు వెంటనే అర్థమవుతుంది. ఆ ఓపిక మనకు పుట్టుకతో వచ్చింది, వాడుకోండి.

అపోహ: నలభై దాటితే, యాస పోకపోతే లాభం లేదు

రెండూ కాదు. మాట చివర "గ్" పలకాల్సిన చోట రష్యన్ నాలుక "క్" అంటుంది, "బ్యాగ్" కాస్తా "బ్యాక్" అవుతుంది. అలాంటివి సరిచేస్తాను, అర్థం మారుతుంది కాబట్టి. మిగతా యాస జోలికి పోను. వయసు గురించి అయితే, నా దగ్గరకు వచ్చే నలభై ఏళ్ల మనిషికి అడ్డుపడేది జ్ఞాపకశక్తి కాదు. "లండన్ ఈజ్ ద కాపిటల్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్" అని బట్టీపట్టించిన బడి, తప్పు పలికితే క్లాసంతా నవ్విన రోజు. ఆ భయం వదలడానికి మొదటి నెల పడుతుంది. ఆ నెలంతా నేను తప్పులు లెక్కపెట్టను.

గోదాము ఆయనకు మూడోసారి చూడొద్దని చెప్పాను. ఒక వంటగది సన్నివేశం ఎంచుకున్నారు, డెబ్బై సెకన్లది. ఐదు చీటీలు రాసుకున్నారు. నిన్న రాత్రి రికార్డింగ్ పంపారు, యాభై సెకన్లు. రెండుచోట్ల ఆగిపోయారు, ఒకచోట "ద" మింగేశారు. లారీ ఆలస్యమై రాత్రి పదకొండు దాకా గోదాములోనే ఉండిపోయిన సంగతి చెబుతూ "ఐ ఎండెడ్ అప్ వెయిటింగ్ టిల్ ఇలెవెన్" అన్నారు. ఆ వాక్యం సిరీస్‌లో లేదు.