ల్యాబ్‌వ్యూ అంటే బొమ్మలు గీయడమేనా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మా చిన్న మామయ్య ఇప్పటికీ ఏ పెళ్లిలో కనబడినా అడుగుతాడు, "ఏరా, ఇంతకీ నీది సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా?" అని. పదమూడేళ్లుగా ల్యాబ్‌వ్యూ మీద బతుకుతున్నా ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేకపోతున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: కొలిచే, పరీక్షించే పరికరాలను కంప్యూటర్ నుంచి నడపడానికి వాడే ప్రోగ్రామింగ్ సాధనం ఇది. ఇందులో కోడ్ టైప్ చెయ్యం, గీస్తాం. ఒక విండోలో ఫ్రంట్ ప్యానెల్ ఉంటుంది, అందులో బటన్లు, మీటర్లు, గ్రాఫులు. ఇంకో విండోలో బ్లాక్ డయాగ్రామ్, అందులో చిన్న చిన్న డబ్బాలు, వాటిని కలిపే వైర్లు. అమెరికాలోని ఆస్టిన్‌లో ఉన్న నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1986లో దీన్ని మొదట మెకింటోష్ కోసం తెచ్చింది. భాష అసలు పేరు 'జీ', కానీ ఆ పేరు ఎవరూ వాడరు. ఈసీఈ, ఈఐఈ పిల్లలు నాకు పంపే మెసేజ్‌లలో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, అందుకే ఇది.

అపోహ: ప్రోగ్రామింగ్ రానివాళ్లకు ఇది సరిపోతుంది

మొదటి అరగంట నిజమే. మల్టీమీటర్ నుంచి ఒక రీడింగ్ తెచ్చి గ్రాఫ్‌లో చూపించడం ఇందులో అయినంత తేలిగ్గా ఇంకెక్కడా కాదేమో. రెండో నెలలో తెలుస్తుంది అసలు సంగతి. ఇది డేటాఫ్లో భాష, అంటే ఒక డబ్బాకు రావాల్సిన ఇన్‌పుట్లన్నీ వచ్చాకే అది పనిచేస్తుంది. మధ్యలో వైర్ లేని రెండు డబ్బాల్లో ఏది ముందు నడుస్తుందో మీరు చెప్పలేరు, పైనుంచి కిందికో ఎడమ నుంచి కుడికో నడుస్తుందనుకుంటే బోల్తా పడ్డట్టే. సీ నేర్చుకుని వచ్చినవాళ్లు ఇక్కడే ఇబ్బందిపడి, అలవాటు కొద్దీ ప్రతిదానికీ లోకల్ వేరియబుల్ (వైర్ లేకుండానే విలువను చదివి, రాసే దారి) పెట్టేస్తారు. దాంతో ఒక లూప్ రాసిన విలువను ఇంకో లూప్ తుడిచేస్తుంది, అదీ రోజుకొకసారి మాత్రమే, అదీ కస్టమర్ ముందు.

నేను చేరిన కొత్తలో నా చేతికొచ్చిన ఒక డయాగ్రామ్ మూడు స్క్రీన్ల వెడల్పు ఉండేది. చిక్కుపడ్డ నూలుండలా ఉన్న ఆ వైర్లలో ఒకదాన్ని వేలు పెట్టి వెంబడించి చివరికి వెళ్లేసరికి అది ఎక్కడికీ కలిసిలేదు! స్టేట్ మెషీన్, ప్రొడ్యూసర్-కన్స్యూమర్ లాంటి డిజైన్ పద్ధతులు, ముక్కల్ని సబ్ వీఐలుగా (ల్యాబ్‌వ్యూ ప్రోగ్రామ్‌ను వీఐ అంటారు) విడగొట్టడం, ఇవన్నీ మామూలు ప్రోగ్రామింగ్ క్రమశిక్షణే. టైప్ చేసినా గీసినా దాన్నుంచి తప్పించుకోలేం.

అపోహ: ఎర్రర్ వైర్ అన్నిటికీ కలిపేస్తే ఇక భద్రమే

దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ తప్పు నేనే చేశాను.

ఒక పవర్ సప్లై బోర్డుకు ఓవర్‌లోడ్ టెస్టు. పది సెకన్లు మాత్రమే ఎక్కువ కరెంటు లాగి, రీడింగ్ తీసుకుని, లోడ్ ఆపెయ్యాలి. ఎర్రర్ వైర్‌ను, అంటే ఏదైనా తప్పు జరిగితే ఆ కబురును డబ్బా నుంచి డబ్బాకు మోసే వైర్‌ను, మొదటి డబ్బా నుంచి చివరి డబ్బా దాకా చక్కగా కలిపాను, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆ రోజు మధ్యలో మీటర్ జవాబివ్వలేదు, టైమ్‌అవుట్ ఎర్రర్ వచ్చింది. ల్యాబ్‌వ్యూలో పద్ధతేమిటంటే, ఎర్రర్ లోపలికి వచ్చిన డబ్బా సాధారణంగా తన పని చెయ్యకుండా ఆ ఎర్రర్‌ను ముందుకు దాటించేస్తుంది. చివర్లో ఉన్న 'లోడ్ ఆఫ్' డబ్బా కూడా బుద్ధిగా అదే చేసింది. ప్రోగ్రామ్ ఎర్రర్ మెసేజ్ చూపించి మర్యాదగా ఆగిపోయింది, లోడ్ మాత్రం అలాగే కరెంటు లాగుతూ ఉంది. మేమంతా టీకి వెళ్లాం. వచ్చేసరికి వాసన.

ఆ రోజు నుంచి నా నియమం ఒక్కటే: హార్డ్‌వేర్‌ను ఆపే భాగం ఎర్రర్ ఉన్నా లేకున్నా నడవాలి, పాత ఎర్రర్‌ను పక్కన ఉంచుకుని తర్వాత కలపాలి. ఇంకొకటి, టూల్‌బార్‌లోని ఎర్ర అబార్ట్ బటన్‌ను స్టాప్ బటన్‌లా వాడొద్దు. అది నొక్కితే ప్రోగ్రామ్ ఉన్నచోటే ఆగిపోతుంది, బల్ల మీద సప్లై మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఇంటర్వ్యూలో నేను ఎవరినైనా అడిగే మొదటి ప్రశ్న, ఎర్రర్ వస్తే హార్డ్‌వేర్‌ను ఎలా ఆపుతావని. షిఫ్ట్ రిజిస్టర్ అంటే ఏమిటని అడగను, అది గూగుల్ చెప్తుంది.

అపోహ: బొమ్మల భాష కాబట్టి నెమ్మదిగా నడుస్తుంది

కాదు. ఇది కంపైల్ అయ్యే భాషే, 2010 వెర్షన్ నుంచి వెనకాల ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ వ్యవస్థ కూడా ఉంది. వైర్ లేని రెండు లూపులు వాటంతటవే సమాంతరంగా నడుస్తాయి, థ్రెడ్ల గోల మీకు ఉండదు. లూపులో ప్రతిసారీ అర్రేను (విలువల వరుసను) పెంచుకుంటూ పోతూ, దాన్నంతా గ్రాఫ్‌కు పంపి, ఆపైన స్లో అంటే భాషేం చేస్తుంది పాపం. అదే బొమ్మను ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు మలచుకోగల చిప్) మీద కూడా నడపొచ్చు.

అపోహ: పైథాన్ వచ్చాక ల్యాబ్‌వ్యూ పని అయిపోయింది

ఇందులో సగం నిజం ఉంది, అది దాచను. కొత్తగా మొదలయ్యే చాలా టెస్ట్ ప్రాజెక్టుల్లో పైథాన్ అడుగుతున్నారు. లైసెన్స్ ఖర్చు లేదు, కోడ్ మార్పులను దాచిపెట్టే గిట్‌లో తేడాలు చూసుకోవడం తేలిక. మా వీఐ ఫైళ్లు బైనరీ కావడంతో ఇద్దరు ఒకే ఫైలు మార్చితే కలపడం నరకం. పైగా ఇది ఒకే కంపెనీ చేతిలో ఉన్న భాష. వాళ్లు 2017లో ఎన్ఎక్స్‌జీ అని కొత్త తరం ల్యాబ్‌వ్యూ తెచ్చి, భవిష్యత్తు ఇదే అని చెప్పి, 2020లో దాన్ని ఆపేస్తున్నామన్నారు. దాని మీద నెలలు ఖర్చుపెట్టినవాళ్లు ఏం చెయ్యాలి? 2022లో లైసెన్సులను సబ్‌స్క్రిప్షన్‌కు మార్చారు, 2023లో మొత్తం కంపెనీనే ఎమర్సన్ కొనేసింది. మన బతుకుదెరువు ఎక్కడో ఒక బోర్డ్‌రూమ్‌లో తీసుకునే నిర్ణయం మీద ఆధారపడి ఉందన్న టెన్షన్ నాకూ ఉంది.

అయినా ఫ్యాక్టరీలో పదేళ్లుగా నడుస్తున్న టెస్ట్ స్టేషన్‌ను ఫ్యాషన్ మారిందని ఎవరూ పీకెయ్యరు. మార్చితే మళ్లీ మొదటి నుంచి క్వాలిఫై చెయ్యాలి, ఆ కాగితాల పని తలుచుకుంటేనే మేనేజర్లకు జ్వరం వస్తుంది. యూరప్ కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో లార్జ్ హేడ్రాన్ కొలైడర్ కొలిమేటర్ల (దారి తప్పిన కణాలను అడ్డుకునే భాగాల) నియంత్రణలో ల్యాబ్‌వ్యూ, పీఎక్స్ఐ (కొలత కార్డులు పెట్టుకునే కంప్యూటర్ పెట్టె) ఉన్నాయి. అలాంటివి రాత్రికి రాత్రి మారవు. నా ప్రస్తుత పనిలో సగం ఇతరులు రాసి వెళ్లిపోయిన పాత వీఐలను బతికించడమే. 2018 వెర్షన్ నుంచి బ్లాక్ డయాగ్రామ్‌లోనే పైథాన్‌ను పిలవొచ్చు, కాబట్టి రెండూ నేర్చుకోండి, ఒకదాన్ని తిట్టి ఇంకోదాన్ని మొయ్యక్కర్లేదు.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం గ్యారంటీ

ల్యాబ్‌వ్యూ సర్టిఫికెట్లలో మొదటి మెట్టు సీఎల్ఏడీ, అది బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష, రెజ్యూమె మీద పనికొస్తుంది, అంతే. దాని పై మెట్టు సీఎల్‌డీ వేరు, అందులో నాలుగు గంటల్లో ఒక అప్లికేషన్ నిజంగా రాసి చూపించాలి, దానికి నేను విలువిస్తాను. కానీ ఆసిలోస్కోప్ ప్రోబ్ గ్రౌండ్ ఎక్కడ పెట్టాలో తెలియని సీఎల్‌డీ కంటే, డేటాషీట్ చదివి ఇన్‌స్ట్రుమెంట్‌కు రెండు కమాండ్లు పంపగలిగిన డిప్లొమా కుర్రాడే నాకు ముందు పనికొస్తాడు. మనం అమ్ముకునేది కొలవడం తెలియడాన్ని, వైర్లు గీయడాన్ని కాదు.

అపోహ: మన దగ్గర ఉద్యోగాల్లేవు

'ల్యాబ్‌వ్యూ డెవలపర్' అని వెతికితే నిజంగానే తక్కువ దొరుకుతాయి. టెస్ట్ ఇంజనీర్, వ్యాలిడేషన్ ఇంజనీర్, ఏటీఈ (ఆటోమేటిక్ టెస్ట్ ఎక్విప్‌మెంట్) అని వెతకండి. హైదరాబాద్‌లో రక్షణ, ఏరోస్పేస్ పనులకు టెస్ట్ సెటప్పులు చేసిచ్చే చిన్న కంపెనీలు బాలానగర్, చర్లపల్లి వైపు కనిపిస్తాయి. జీతం మొదట్లో మీ జావా ఫ్రెండ్ కంటే తక్కువే ఉంటుంది, ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోండి. బెంగళూరులో చిప్ వ్యాలిడేషన్ పని ఎక్కువ, డబ్బు కూడా మెరుగు.

ఇంటి నుంచి పనా? పరికరం ల్యాబ్‌లో ఉంటే మీరూ అక్కడే ఉండాలి, చాలావరకు అంతే. నేర్చుకోవడానికి మాత్రం ఇల్లు చాలు. 2020 నుంచి కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం, సొంతంగా నేర్చుకోడానికే గానీ డబ్బు తెచ్చే పనికి వాడకూడదు. నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల మ్యాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో డాక్ కార్డును (సిగ్నళ్లను కంప్యూటర్‌లోకి తెచ్చే కార్డును) సిమ్యులేట్ చేసుకోవచ్చు, లేదంటే ఆర్డునో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డును సీరియల్ పోర్టుకు తగిలించండి. అది ఐదు వందల రీడింగ్‌లు పంపుతుండగా కేబుల్ పీకి చూడండి, మీ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో.