కాలు తీసినా తగ్గని హోరు

చిరంజీవులైన మనుమలకు తాత ఆశీస్సులు.

మొన్న చిత్తూరు నుంచి తిరుపతికి వస్తూ చంద్రగిరి దాటాక, నేను యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా మన పాత మారుతి 800 హోరు తగ్గలేదు. క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌కు తెచ్చి, బ్రేకుతో బండిని పక్కన నిలిపాకనే తాళం తిప్పాను. బండి కదులుతుండగా తాళం ఊడదీస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఇదే 1944లో వేసిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు దిగుతుండగా జరిగి ఉంటే ఏమయ్యేదోనని ఆలోచిస్తున్న నన్ను, "తాతా, నువ్వు కాలు తీసిన సంగతి కారుకు తెలియలేదా?" అని చిన్నది అడిగింది.

తెలియలేదమ్మా. మా ఊరి చెరువు తూముకు పొడవాటి కొయ్య, దాని అడుగున బిరడా ఉండేవి. చెరువు నీళ్లు వదిలే మనిషి, అంటే నీరుగంటి, ఆ కొయ్యను పైకి లాగితే మడికి నీళ్లు పారేవి, వదిలితే బిరడా దిగి తూము మూసుకునేది. మన కారులో పెడల్‌కు కట్టిన కేబులే ఆ కొయ్య; గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే కార్బ్యురేటర్ గొంతులో తిరిగే గుండ్రటి రేకే ఆ బిరడా. కాలు తీస్తే ఆ రేకును వెనక్కి తిప్పి మూసేది ఒక స్ప్రింగు. తూముకు స్ప్రింగు ఎక్కడుందని పెద్దవాడు అడుగుతాడు. బిరడా బరువే దాని స్ప్రింగు అనుకోండి. కాకపోతే ఇక్కడ పారేది నీరు కాదు, గాలి. అది తన వెంట పెట్రోలును లాక్కుపోతుంది.

ఒక రాత్రి ఆ తూము మూతపడలేదు. నేను లాంతరు పట్టుకొని గట్టు మీద నిలబడితే, మా పెదనాన్న కొయ్యను సమ్మెటతో బాదుతూనే ఉన్నాడు. చివరికి నీరుగంటి మునిగి, బిరడా కింద ఇరుక్కున్న తుంగ వేళ్లను పీకి తెచ్చాడు. అప్పటికే కింది మడి గట్టు తెగిపోయింది. ఎక్కడ పట్టిందో చూడకముందే బాదడం మన ఇంటివాళ్లకు పాత అలవాటు.

అందుకే ఈసారి నేను ఇంజను చల్లారాక, పెడల్ కింద మ్యాటు మడతపడిందేమో మొదట చూశాను. తరువాత కార్బ్యురేటర్ దగ్గర కేబుల్ కొసను విడదీసి, రేకును తిప్పే మీటను వేలితో తిప్పి వదిలాను. అది మందకొడిగా తిరిగివస్తే రేకు చుట్టూ జిగురు పట్టిందనో, స్ప్రింగు వదులైందనో అనుమానించాలి. మనది టక్కున వచ్చింది. కాబట్టి దోషం కేబుల్‌దే. వంపు దగ్గర దాని తొడుగు పగిలి, వాననీరు దిగి, లోపలి తీగ తుప్పుపట్టి పీచులు లేచింది. నూనె వేస్తే నాలుగు రోజులు నడుస్తుందని ఎవరో అన్నారు గాని, పీచులేచిన తీగను నమ్మరాదని కొత్త కేబులే వేయించాను.

ఆదివారం రండి. ఇంజను ఆపి ఉంచి ఎయిర్ ఫిల్టర్ మూత నేను తీస్తాను. ఒకరు పెడల్ మెల్లగా తొక్కండి, మరొకరు చేతులు వెనక్కి కట్టుకొని, టార్చి వెలుగులో ఆ గొంతులోకి తొంగి చూడండి.

మీ తాత